ముఖదర్శన కాలం: సున్నా సెకన్లు

నా పేరు యర్రంశెట్టి వీర్రాజు. సినిమాల్లో ఫైట్ మాస్టర్ని. ముప్ఫై ఒక్క ఏళ్లుగా మనుషుల్ని కొట్టించడమే నా వృత్తి. నేను కొట్టించినవాళ్లలో ఒక్కరూ నా మీద కేసు పెట్టలేదు. సాయంత్రం ప్యాకప్ కాగానే నా పక్కనే కూర్చుని టీ తాగి వెళ్లేవారు. అలాంటిది, జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తని పెద్దమనుషులు తొమ్మిదిమంది కలిసి కాగితాలతో కొట్టిన దెబ్బకి నేను ఇంకా తేరుకోలేదు. ఆ సంగతే చెబుతాను.

"పోరాట చిత్రాలలో వైవిధ్యము, ప్రాతినిధ్యము" అని ఒక పెద్ద హోటల్లో సదస్సు పెట్టారు. ఒక ప్రొఫెసరు గారు లేచి లెక్క చెప్పారు. గత పదేళ్ల ఫైట్లు తీసుకుంటే కొట్టేవాడు సగటున ఒక్కడు, తినేవాళ్లు ఇరవై ముగ్గురు. ఆ కొట్టేవాడు ఎప్పుడు చూసినా ఒకేలా ఉంటాడు. కొండ మీదివాడు కాడు, సముద్రం ఒడ్డువాడు కాడు, ఆడది అసలే కాదు. తినేవాళ్లు మాత్రం రకరకాలుగా ఉంటారు. ఇది న్యాయమేనా అని ఆయన అడిగారు. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు సబబుగానే తోచింది. నేనూ చప్పట్లు కొట్టాను. అదే నేను చేసిన పొరపాటు. న్యాయమైన మాటని ప్రొఫెసరు నోట్లోనే వదిలేసి ఉంటే బాగుండేది. భోజనాలయ్యాక దాన్ని ఒక మండలి చేతిలో పెట్టారు.

దాని పూర్తి పేరు సంఘర్షణ దృశ్య ప్రాతినిధ్య మండలి. మేం దెబ్బల మండలి అంటాం. నిష్పాక్షికత కోసం ఫైట్లతో ఏ పరిచయమూ లేనివాళ్లనే సభ్యులుగా వేశారు. ఒకాయన చిన్నప్పుడు బళ్లో ఆర్నెల్లు జూడో నేర్చుకున్నాడని తెలిసి మొదటి సమావేశంలోనే రాజీనామా చేయించారు. సభ్య కార్యదర్శిగా చివుకుల సదాశివమూర్తి గారు వచ్చారు. అంతకుముందు ఆయన ఉద్యోగమంతా తూకపు రాళ్లకి ముద్రలు వేయడంలో గడిచింది. మండలి ధ్రువపత్రం లేనిదే ఫైటున్న సినిమా ఏదీ విడుదల కాకూడదని ఉత్తర్వు వచ్చింది. మొదటి సంవత్సరపు లక్ష్యం కూడా ప్రకటించారు: "ఇంతవరకు తెరపై ముఖము కనబడని వర్గములకు ముఖము కల్పించుట."

నిర్మాత తాళ్లూరి భద్రయ్య గారు ఆ ఉత్తర్వు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. గాలి ఎటు వీస్తే అటు గొడుగు పట్టడంలో ఆయనకి మంచి పేరుంది.

"మొదటి సర్టిఫికెట్టు మనమే కొట్టాలి మాస్టారూ. మొహం కనపడని మనిషి ఒకరు కావాలి. మీ ఎరికలో ఎవరన్నా ఉన్నారా?"

ఉంది. మైలపల్లి నూకరత్నం.

నూకరత్నానిది భీమిలి దగ్గర జాలరిపేట. వాళ్ల నాన్న వల లాగని రోజుల్లో ఇసకలో నిలబెట్టి ఆమెకి కర్రసాము నేర్పాడు. ఇరవయ్యో ఏట నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ముప్ఫై ఎనిమిది. ఈ పద్దెనిమిదేళ్లలో రెండు వందల పన్నెండు సినిమాల్లో హీరోయిన్లకి డూప్ చేసింది. సన్నగా ఉండే ఇద్దరు హీరోలకి కూడా చేసింది. అద్దాలు పగలగొట్టుకుని దూకింది, పరిగెత్తే లారీ మీద కర్ర తిప్పింది, రెండుసార్లు భుజం విరగ్గొట్టుకుంది. ఒక్క సినిమాలోనూ ఆమె మొహం కనపడదు. కనపడకుండా నేర్పింది నేనే. కెమెరా ఎక్కడుందో డూప్ వీపుకి తెలియాలని మా పనిలో మొదటి పాఠం. మొదట్లో మొహం కొంచెం ఇటు తిరిగితే చాలు, విజిల్ ఊది ఆపేసి, ఫ్లోరు చుట్టూ ఇరవై రౌండ్లు పరిగెత్తించేవాణ్ని. మూడు నెలలకి విజిల్ అవసరం లేకుండా పోయింది. కెమెరా ఎటు జరిపినా ఆమె మెడ దానంతటదే అటునుంచి తప్పుకునేది. అంత మంచి డూప్ ఇండస్ట్రీలో లేదని నేను గొప్పలు చెప్పుకునేవాణ్ని.

ఆమె చేసిన మొదటి సినిమా ఆడినప్పుడు వాళ్ల నాన్న పేటలో జనాన్నంతా వ్యాన్లో వేసుకుని హాలుకి తీసుకెళ్లాడు. నీ కూతురేదిరా అంటే, లేచి నిలబడి తెర మీదికి చెయ్యి చూపించి, "అదిగో, ఆ కాలు నా కూతురిదే" అన్నాడట. ఆయన పోయి ఆరేళ్లయింది. పేటలో ఇప్పటికీ ఆమెని కాలురత్నం అనే పిలుస్తారు.

భద్రయ్య గారి సినిమా సంగతి ఆమెకి చెప్పాను.

"మొకం సూపిత్తారా మాస్టారూ? ఉత్తికే అనడం కాదు గదా?"

"చూపించాలనే రూలు వచ్చింది."

"ఒక్కపాలి సాలండి. మా పేటోల్లు నా మొకం సూసి, ఇది నూకరత్నం అనాల. నాకింకేటీ అక్కర్నేదు."

మండలి ఆఫీసులో అర్హత పరిశీలనకి నేనే తీసుకెళ్లాను. సదాశివమూర్తి గారు దరఖాస్తుని రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, తమరు రెండు వందల పన్నెండు చిత్రములలో ముఖము కనబడకుండ నటించినట్లు పేర్కొన్నారు. ఆధారము జతపరచలేదు."

"సినిమాలే ఆధారమండీ," అన్నాను. "లిస్టు పెట్టాం. చూసుకోవచ్చు."

"మా సిబ్బంది నలుబది దినములు శ్రమించి అన్నియు వీక్షించినారు. ఆ చిత్రములలో ఈమె ఎక్కడను కనబడుట లేదు."

"కనబడదండీ. డూప్ కదా."

"ఆ కనబడకపోవుచున్నది ఈమెయే అని నిర్ధారణ ఏమి? ఆ చిత్రములలో నేనును కనబడుట లేదు."

నూకరత్నం నా వంక చూసింది. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో నాకు కాచుకోవడం రాని దెబ్బ అదొక్కటే.

చివరికి ఆయనే దారి చూపించారు. ఈమె చేత తన్నులు తిన్నవారు వాంగ్మూలం ఇస్తే పరిశీలిస్తామన్నారు. వారం తిరక్కుండా నలభై ఆరుగురు ఫైటర్లు నోటరీ ముందు వరస కట్టారు. "పైన తెలిపిన మహిళ ఫలానా చిత్రములో నన్ను ఎడమ డొక్కలో తన్నినది. సదరు తన్ను ఆమెదేనని నేను మనఃపూర్వకముగా నమ్ముచున్నాను" అని ఒక్కొక్కరూ సంతకం పెట్టారు. మెట్ల మీంచి పడిపోవడంలో ఆరితేరిన బురుగుల యాదగిరిని మాత్రం మౌఖిక విచారణకి పిలిచారు.

"ఆ తన్ను ఈమెదేనని మీరెట్లు గుర్తించితిరి?"

"గదేమంత కష్టం సార్. వేరేటోల్లు తంతే నొస్తది. ఈ అక్క తంతే సప్పుడే గని నొప్పుండదు. ఆమె కాలికి మనిషంటే పట్టింపున్నది సార్."

పద్దెనిమిదేళ్లలో నూకరత్నానికి అందిన మెప్పు అదే అనుకుంటాను. ఆమె తల వంచుకుంది. సదాశివమూర్తి గారు మాత్రం కలం ఆపేశారు. నొప్పి కలిగించని స్పర్శను మండలి నిర్వచనం ప్రకారం తన్నుగా పరిగణించడానికి వీల్లేదట. యాదగిరి బయటికి వెళ్లి, కాస్సేపు ఆలోచించుకుని, తిరిగొచ్చి, బాగా నొచ్చిందని ఇంకో కాగితం రాసిచ్చాడు. దాంతో అర్హత మంజూరైంది.

తర్వాత కథ పరిశీలన. కథ చిన్నదే. సముద్రం ఒడ్డు పేటని ఖాళీ చేయించడానికి ఒక ఆసామి నలభైమంది రౌడీలతో వస్తాడు. జాలరి స్త్రీ ఒకతె కర్ర పట్టుకుని ఎదురు నిలబడుతుంది. ఇంతే.

"ఈ నలుబదిమంది రౌడీలు ఏ జిల్లా వారు?" అని సదాశివమూర్తి గారు అడిగారు.

రౌడీలకి జిల్లా ఏమిటండీ అన్నాను. అదే తప్పయింది. జిల్లా చెప్పకపోతే ప్రతి జిల్లా వారూ తమ జిల్లానే అనుకుని నొచ్చుకుంటారు. చెబితే ఆ జిల్లా వారు నొచ్చుకుంటారు. అందుకని జిల్లాకొకడు చొప్పున వేసుకోమన్నారు. వేసుకున్నాం. మొదట ఏ జిల్లా పడుతుంది అన్నారు. అక్షర క్రమంలో పడేద్దామంటే 'అ'తో మొదలయ్యే జిల్లాల నుంచి అభ్యంతరం వచ్చింది. అన్ని జిల్లాలూ ఏకకాలంలో నేలకూలాలని తీర్మానం చేశారు. రిహార్సల్లో అందరూ ఒక్కసారిగా పడితే చెక్క ప్లాట్‌ఫారం విరిగి ముగ్గురికి నిజంగానే దెబ్బలు తగిలాయి. ఆ ముగ్గురూ ఒకే ప్రాంతం వాళ్లని తేలడంతో మండలి నాకు తాఖీదు పంపింది. చివరికి రౌడీలందరినీ తటస్థ ప్రేక్షకులుగా మార్చి, చుట్టూ చేతులు కట్టుకుని నిలబడమన్నారు.

ఇక ఆసామి మిగిలాడు. బట్టతల పెట్టాం, బట్టతలల సంఘం వాళ్లు వచ్చారు. మీసం పెట్టాం, మీసాల వాళ్లు వచ్చారు. మీసం తీస్తే, మీసం రానివాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. లావైతే ఒకరు, బక్కగా ఉంటే ఒకరు, నలభై దాటితే ఒకరు, దాటకపోతే మరొకరు. వచ్చినవాళ్లందరి మాటలోనూ ఎంతో కొంత నిజముంది. అదే నా బాధ. విలన్ అనేవాడు ఎవరికీ ప్రతినిధి కాకూడదని మండలి ఏడో సమావేశంలో తేల్చి చెప్పింది. ఎవరికీ ప్రతినిధి కానివాణ్ని చూపించండి బాబూ అని నేనే చేతులు జోడించాను. వాళ్లు ఉపసంఘం వేశారు. ఉపసంఘం రెండు నెలలు తిరిగి ఒక ఇసక బస్తాని ఎంపిక చేసింది.

"బస్తా మేలే," అన్నారు భద్రయ్య గారు. "డేట్ల గొడవుండదు."

అక్కడితో అయిపోలేదు. ఒకవైపే కొడుతూ పోతే ఏకపక్షం అవుతుందని, బస్తాకి కూడా తన వాదన వినిపించుకునే అవకాశం ఉండాలని ఎనిమిదో సమావేశంలో అన్నారు. బస్తాని తాడుకి వేలాడదీశాం. నూకరత్నం మూడు దెబ్బలు కొడితే అది ఊగివచ్చి ఆమెని ఒకసారి కొట్టేలా ఏర్పాటు చేశాను. దానికి ప్రహార సమతుల్య పట్టిక అని పేరు పెట్టి గోడకి అంటించారు.

ఇన్ని మాట్లాడుకున్నా నూకరత్నం ఏ మీటింగుకీ రాలేదు. రావాలని ఎవరూ పిలవలేదు. ఆమె తెల్లారకముందే లేచి, గ్రౌండులో కర్ర తిప్పుకునేది. యాదగిరిని ఎదురుగా నిలబెట్టుకుని, "నా మొకం వైపే సూడు తమ్మా, సిగ్గు పోవాల నాకు" అనేది. వాడు చూసేవాడు. ఆమె సరిగ్గానే చూసేది. అక్కడ కెమెరా లేదు మరి.

షూటింగు రోజున మండలి తరఫున ముఖదర్శన పరిశీలకురాలు స్వరాజ్యలక్ష్మి గారు స్టాప్‌వాచీతో వచ్చారు. ముఖ్య పాత్రధారి ముఖదర్శన కాలం తొంభై సెకన్లకి తగ్గకూడదు. తగ్గితే ధ్రువపత్రం లేదు. సదాశివమూర్తి గారు కుర్చీ వేయించుకుని మానిటర్ ముందు కూర్చున్నారు.

నూకరత్నం ఆ రోజు బొట్టు పెద్దగా పెట్టుకుని వచ్చింది. డూప్‌కి ఎప్పుడూ హీరోయిన్ విగ్గే గాని సొంత జడ ఉండదు. ఆ రోజు తన జుట్టే తను జడేసుకుంది. యాక్షన్ అన్నాం. కర్ర లేచింది. ఏం చెప్పను, నాలుగు నిమిషాలు ఫ్లోరులో ఎవరూ కదల్లేదు. కర్ర కనపడలేదు, దాని చప్పుడే వినపడింది. బస్తా తిరిగి వచ్చి కొట్టబోతే ఒక్క అంగుళంలో తప్పుకునేది. కట్ అనగానే తటస్థ ప్రేక్షకులందరూ తటస్థం మరిచిపోయి ఈలలు వేశారు.

స్వరాజ్యలక్ష్మి గారు స్టాప్‌వాచీ చూసుకుని, పుస్తకంలో రాసి, చదివారు.

"ముఖదర్శన కాలం, సున్నా సెకన్లు."

ప్లేబ్యాక్ వేసి చూశాం. నిజమే. నాలుగు నిమిషాల్లో వీపుంది, జడ ఉంది, చెవి ఉంది, మోచెయ్యి ఉంది. మొహం లేదు. కెమెరా కుడివైపు వస్తే మొహం ఎడమకి, ఎడమకి వస్తే కుడికి. ఆమె కావాలని చేయలేదు. తిప్పుతున్నానని ఆమెకే తెలియదు.

రెండో టేక్. సున్నా. మూడు కెమెరాలు మూడు వైపుల పెట్టాం. కెమెరా లేని నాలుగో వైపు ఎక్కడుందో ఆమె మెడ పట్టుకుంది. నాలుగో వైపు కూడా పెడితే కెమెరాలు ఒకదాన్నొకటి చూసుకుంటాయి గాని లాభం లేదు. లెన్స్ పక్కన నేను నిలబడి, నన్ను చూస్తూ కొట్టు అన్నాను. కంగారులో పాత అలవాటు కొద్దీ నోట్లోకి విజిల్ వచ్చింది. ఊదాను. ఆమె గిర్రున తిరిగి పూర్తిగా వీపు పెట్టేసింది.

పదకొండో టేక్ అయ్యాక ఆమె కర్ర కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"నా మెడ నా మాట ఇనట్నేదు మాస్టారూ. నానేటి సేసీది?"

ఆ మెడని అలా తిప్పింది నేను. రౌండ్లు కొట్టించి, విజిల్ ఊది, నా చేతులతో తిప్పాను. బాగా నేర్పానని ఇన్నాళ్లూ మురిసిపోయాను.

సదాశివమూర్తి గారి దగ్గరికెళ్లి బతిమాలుకున్నాను. "పద్దెనిమిదేళ్ల అలవాటండీ. పది రోజులు టైమివ్వండి. నేనే మళ్లీ నేర్పుకుంటాను."

ఆయన నిబంధనల పుస్తకం తిరగేశారు. ఓపిగ్గానే తిరగేశారు పాపం.

"కాళ్లు చేతులకు గాయములైనచో గడువు కలదు. మెడ అలవాటునకు గడువు లేదు. ముఖము కనబడని వర్గమునకు ముఖము కల్పించుట మా ధ్యేయము. ముఖము కల్పించినను ఆమె స్వీకరించుట లేదు. మేమేమి చేయగలము?"

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. ప్రాతినిధ్యం శూన్యం. అయినా మానవతా దృక్పథంతో మండలి ఒక వెసులుబాటు కల్పించింది. మండలి దగ్గర ఆమోదిత ముఖాల జాబితా ఒకటుంది. అందులోంచి ఒక ముఖాన్ని తీసుకుని తొంభై సెకన్ల క్లోజప్పులు కలుపుకోవచ్చు. ఆ ముఖం, మైలపల్లి నూకరత్నం వంటి స్త్రీలందరికీ ప్రాతినిధ్యం వహిస్తుంది. ఆమోదిత ముఖాలు ఎలా ఆమోదం పొందాయని అడిగితే, అవి ఇదివరకే చాలా సినిమాల్లో బాగా కనపడ్డాయి కాబట్టి అన్నారు.

జాబితాలో మొదటి పేరు రియోనా. ముంబై నుంచి వచ్చిన పిల్ల, తెలుగు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. ఆమె మొహానికి తీరప్రాంత ఛాయ అని మూడు పూతలు పూశారు. కర్ర చేతికిస్తే మొదటి తిప్పులోనే కాలి బొటనవేలి మీద పడేసుకుంది. పిల్ల మంచిదే. కుంటుకుంటూ నూకరత్నం దగ్గరికెళ్లి, "అక్కా, ఇది మీ సీన్ కదా, నేనెందుకు?" అని అడిగింది. మేనేజరు ఆమెని వెంటనే కారవాన్‌లోకి తీసుకుపోయాడు.

దరఖాస్తు ఫారంలో ముఖం ఎవరిదో రాసే గడి ఉంది, శరీరం ఎవరిదో రాసే గడి లేదు. అందుకని టైటిల్స్‌లో నూకరత్నం పేరు రాదన్నారు. నేను గొడవ పెట్టుకోబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"పోన్లెండి మాస్టారూ. ఆ పాప మొకం బాగుంటాది. మా పేటోల్లకి ఎలాగూ నా కాలు తెలుసు గదా."

నవ్వుతూనే అంది. ఆ రోజు టీ తాగకుండా వెళ్లిపోయింది.

సినిమా పూర్తయింది. మొదటి ధ్రువపత్రం మాదే. ప్రదానోత్సవానికి పెద్ద మైదానం తీసుకున్నారు. వేదిక ఒకవైపే తిరిగి ఉంటే వెనకవైపు వారికి అన్యాయం జరుగుతుందని, నాలుగు దిక్కులకీ సమాన ప్రాతినిధ్యం ఉండాలని మండలి ప్రత్యేకంగా తీర్మానించింది. మైదానం నట్టనడుమ గుండ్రని వేదిక కట్టి, దాని చుట్టూ కుర్చీలు వేశారు. శాలువా రియోనాకి. తర్వాత కర్రసాము ప్రదర్శన ఉందన్నారు. అది నూకరత్నం చేయాలి. ప్రదర్శనలో ఆమోదం లేని ముఖం కనపడితే ఇబ్బంది కదా, ముసుగు వేయిస్తారా అని స్వరాజ్యలక్ష్మి గారు అడిగారట. అక్కర్లేదు, ఆమె ముఖము చూపజాలదని మా రికార్డులోనే ఉన్నది అని సదాశివమూర్తి గారు భరోసా ఇచ్చారు.

నూకరత్నం వేదికెక్కింది. ముందువైపు టీవీ కెమెరాలున్నాయి. అలవాటు ప్రకారం వీపు పెట్టి కర్ర లేపింది. వెనకవైపు జనమంతా సెల్‌ఫోన్లు ఎత్తారు. మెడ పక్కకి తిరిగింది. ఆ పక్కనా ఫోన్లే. ఇటు తిరిగింది. ఇటూ అంతే. కర్ర తిరుగుతోంది, దాని కింద ఆమె తిరుగుతోంది, నాలుగు దిక్కులా వందల ఫోన్లు. ఇంత వేగం నేనెప్పుడూ చూడలేదు. జనం అదంతా విద్యే అనుకుని కేకలు పెడుతున్నారు. నాకు తెలుసు అది విద్య కాదని. దాక్కోవడానికి చోటు వెతుక్కుంటోంది. దొరకడం లేదు.

అప్పుడు ఆగిపోయింది. కర్ర నేలకి ఆనించి, రొప్పుతూ, తలెత్తి నిలబడింది.

ఎడమ కనుబొమ మీద అద్దం కోసిన మచ్చ. చెమటకి కారిన బొట్టు. పెద్ద కళ్లు. ఆ మొహాన్ని నేనూ సరిగ్గా చూడలేదని నాకు అప్పుడు తెలిసింది. పద్దెనిమిదేళ్లు అది ఫ్రేములోకి రాకుండా కాపలా కాశాను గాని, చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

ముందు యాదగిరి లేచాడు. తర్వాత ఆమె చేత తన్నులు తిన్నవాళ్లంతా లేచారు. రియోనా శాలువా పక్కన పెట్టేసి చప్పట్లు కొట్టింది. నూకరత్నం నవ్వలేదు, దండం పెట్టలేదు. ఒక వైపు కాసేపు, ఇంకో వైపు కాసేపు, అందరి వంకా నెమ్మదిగా చూసుకుంటూ నిలబడింది.

అయిదోనాడు నూకరత్నం పేర రిజిస్టర్డ్ కవరు వచ్చింది. ఆ భాష ఆమెకి అంతుపట్టదు. నా దగ్గరికి తెచ్చింది. చదివి వినిపించాను.

"గత ఆదివారము మండలి వేదికపై, ఆమోదిత జాబితాలో లేని ఒక ముఖము సుమారు రెండు నిమిషముల పాటు అనుమతి లేకుండ బహిరంగముగ ప్రదర్శింపబడినది. సదరు ముఖము తమదా, కాదా? ఏడు దినములలోగా లిఖితపూర్వకముగ తెలుపవలెను. తమదేయని అంగీకరించినచో, ఒక సంవత్సరము పాటు ఏ చిత్రములోను తమ శరీరమును వినియోగించుటకు అనుమతి ఇవ్వబడదు."

"కాదని రాసేద్దాం," అన్నాను. "వాళ్ల దగ్గర నీ మొహం ఏ ఫైల్లోనూ లేదు. వాళ్లే సున్నా సెకన్లని రాసుకున్నారు. కాదంటే వాళ్లు చేయగలిగింది లేదు. వచ్చే సోమవారం నుంచి పని ఉంది, నీ మీదే పెట్టుకుని ఉన్నాను. సంవత్సరం కూర్చుంటే ఏం తింటావు నూకరత్నం?"

"ఆ మాట ఇంకోపాలి సదవండి మాస్టారూ. మొకం తమదా అన్న కాడ."

చదివాను.

"పేటలో పనుంది. సేపలు అమ్ముకుంటాను, పిల్లలకి కర్ర నేర్పుకుంటాను. మీరు కలం తియ్యండి."

తీశాను.

"ఔను, అది నా మొకమే అని రాయండి."

"ఇంకా?"

"ఇంకేటీ నేదు. కింద నా పేరు ఇంటిపేరుతో సహా రాయండి. సంతకం నాను సేత్తాను."